కొల్లాపూర్ చుట్టుపక్కల పిల్లలతోటి గుట్టలెక్కుడు: ఏడ మొదలుపెట్టాలె, ఎట్ల దిగాలె

మాది నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్. కృష్ణ పక్కన చిన్న టౌను, మామిడికాయల సీజన్ వస్తే తప్ప బయటోళ్లకి పెద్దగ యాదికి రాని ఊరు. కానీ ఇక్కడినుంచి ఏ దిక్కు పోయినా ఒక గుట్టనో, ఖిల్లానో, నీళ్ళో తగుల్తయి. ఒక దిక్కు సోమశిల, ఇంకో దిక్కు పానగల్, ఇటు సింగోటం, అటు నల్లమల. నాకు ఇద్దరు పిల్లలు, బిడ్డకి 11 ఏండ్లు, చిన్నోడికి 6. మూడేండ్ల సంది నెలల ఒకటో రెండో ఆదివారాలు వీళ్ళని ఏదో ఒక గుట్ట ఎక్కిస్తున్నం, అత్తమ్మ కూడ వస్తది, మోకాళ్ళు ఎంత దాక ఒప్పుకుంటే అంత దాక. చుట్టాలు, స్కూల్ దగ్గర కలిసే తల్లులు ఎప్పుడూ నన్ను అడిగేది ఒక్కటే, "పిల్లలు ఎక్కుతరా అక్కా?" అని. ఎక్కుతరు. పిల్లలు ఏ గుట్టనైనా ఎక్కుతరు, మేకపిల్లల లెక్క ఉరుకుతరు. అడగాల్సింది ఎక్కుడు గురించి కాదు, దిగుడు గురించి.

ఇది నాకు ఘనపురం ఖిల్లా మీద తెలిసొచ్చింది. ఫిబ్రవరి ఆఖరు, ఎండలు ఇంకా రాలేదు గదా అనుకొని నిమ్మలంగ టిఫిన్లు చేసి ఇంట్లకెళ్ళి ఎనిమిదిన్నరకి బయల్దేరినం, ఎక్కుడు మొదలుపెట్టేసరికి పది దాటింది. పిల్లలు ముంగట, మేం ఎన్కాల రొప్పుకుంట, పైన సద్ది తిని ఫోటోలు దిగి బురుజులన్నీ తిరిగి ఇగ దిగుదాం అనేసరికి పన్నెండున్నర. కొంచెం దూరం దిగినంక చిన్నోడు ఒక పరుపుబండ మీద కూసున్నడు. "అమ్మా నేను ఈడనే ఉంట, మీరు పోండ్రి" అన్నడు. ఏడుస్తలేడు, మారాం చేస్తలేడు, గంతే చెప్పిండు. నాకు అదే భయమైంది. బండ మీద చెయ్యి పెడితే చుర్రుమన్నది. బాటిల్ల రెండు గుక్కల నీళ్ళున్నయ్. షూ ఇప్పి చూస్తే బొటనవేలి గోరు కింద నల్లగ రక్తం గడ్డ కట్టింది, దిగేటప్పుడు అడుగడుక్కీ వేలు పోయి షూ ముంగటికి గుద్దుకుంటున్నదన్నట్టు, వాడు చెప్పలేదు, మేం చూడలే. మా ఆయన వాణ్ణి వీపు మీద వేస్కొని కొంత దూరం, బండల మీద కూసొని జారుకుంట కొంత దూరం, అట్ల దిగినం. ఎక్కడానికి గంట పట్టిన తొవ్వ దిగడానికి రెండు గంటలు పట్టింది. ఆ గోరు ఊడి కొత్తది రావడానికి నెలలు పట్టింది.

అప్పటిసంది మేం ఏ గుట్టకి పోయినా దిగుడు నుంచే ప్లాన్ మొదలుపెడ్తం. ఈ కింద రాసేదంతా అదే వరుసల ఉంటది.

మొదలు: ఎవరి కాళ్ళ లెక్క తీస్కోవాలె

గుంపుల అందరికన్న చిన్న కాళ్ళు, అందరికన్న నొప్పి మోకాళ్ళు, ఈ రెండే లెక్కల వేస్కోండ్రి. మిగతావాళ్ళ ఓపిక లెక్కకి రాదు. మా ఇంట్ల చిన్నోడూ అత్తమ్మా. ఆరేండ్ల పిల్లగాడు సాపు తొవ్వ మీద ఆడుకుంట రెండు మూడు కిలోమీటర్లు నడుస్తడు, అదే మెట్లయితే వంద మెట్లకి ఒకసారి కూసుంటడు. అత్తమ్మ ఎక్కేటప్పుడు ఇబ్బంది పడదు, దిగేటప్పుడు మోకాలు పట్టేస్తది, అది పెద్దోళ్ళ అందరికీ ఉండేదే, దిగేటప్పుడు ఒంటి బరువంతా ఒక్కో అడుగుకీ ఒక్క మోకాలు మీద ఆగుతది గదా. అందుకని సగం దాక ఎక్కి నీడ చూస్కొని కూసునే జాగ ఉన్న గుట్టలే మేం ఎంచుకుంటం, ఆమె అక్కడ కూసుంటది, ఒక పెద్దమనిషి తోడుంటరు, మిగతా మేం పైకి పోయొస్తం. ఎవర్నీ ఒక్కర్నే కూసోబెట్టి పోవద్దు, పిల్లల్ని అయితే అస్సలే వద్దు.

మూడేండ్ల లోపు పిల్లలుంటే వాళ్ళు నడుస్తరని అనుకోకుండ్రి, మోసుడే. చంకల ఎత్తుకుంటే మీ కాళ్ళ కింద ఏముందో మీకు కనబడదు, దిగేటప్పుడు అది చాల డేంజర్. పాత చీరతోటి వీపుకి గట్టిగ కట్టుకోండ్రి, మా అవ్వలు పొలం పనులకి పోయేటప్పుడు కట్టుకున్నట్టు, లేకపోతే బెల్ట్ ఉన్న క్యారియర్ తీస్కోండ్రి, రెండు చేతులూ ఖాళీగ ఉండాలె.

ఎప్పుడు పోవాలె

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి నడిమిట్ల దాక. దాంట్ల కూడ నాకు అన్నిటికన్న ఇష్టమైంది బతుకమ్మ పండుగ అయిపోయినంక వచ్చే నెల, గుట్టల మీద తంగేడు ఇంకా పచ్చగ పూసి ఉంటది, సీతాఫలాలు వస్తయ్, పాలమూరు సీతాఫలం గురించి నేను కొత్తగ చెప్పేదేం లేదు, బాలానగర్ రకం అని దేశమంతా పండించేది మన దిక్కుదే. పిల్లలకి కాయ కండ్లు తెరిచిందో లేదో చూసి పండుతదా లేదా చెప్పుడు నేర్పిస్తే వాళ్ళు గుట్ట ఎక్కుతున్నం అనేదే మర్చిపోతరు. కాకపోతే గుట్ట మీది కాయలు ఏరుకొని బతికేటోళ్ళు ఉంటరు, సంచులు నింపకుండ్రి.

మార్చి నుంచి జూన్ దాక పిల్లలతోటి బోడగుట్టలు ఎక్కొద్దు. మన దిక్కు బోడగుట్టలు ఎక్కువగ గ్రానైటువే, పొద్దున తొమ్మిదింటికే బండ వేడెక్కుడు మొదలైతది, సాయంత్రం ఎండ పోయినంక కూడ కక్కుతనే ఉంటది. సాయంత్రం పోదాం సల్లగుంటది అని ఎండాకాలంల పోయేటోళ్ళు ఇక్కడ్నే మోసపోతరు.

వానాకాలంల ఇంకో కథ. గ్రానైటు బండ మీద పై నుంచి కిందికి నల్లటి చారలు చూసే ఉంటరు, నూనె కారినట్టు ఉంటయ్. అవి వాననీళ్ళు కారే తొవ్వలు, ఆ నలుపు అంతా ఎండిన పాకురు. ఎండినప్పుడు ఏం కాదు, తడి తగిలిందంటే సబ్బు రాసినట్టే. వాన పడ్డంక రెండ్రోజులు మంచి ఎండ కాస్తేనే పోండ్రి, అప్పుడు కూడ నల్ల చార మీద కాలు పెట్టొద్దని పిల్లలకి ముందే చెప్పండ్రి. మా చిన్నోడికి ఇది ఆట, "అమ్మా నల్లది!" అని వాడే అరుస్తడు. ఉరుము వినబడిందా, ఎంత పైకి వచ్చినా సరే దిగుడే. బోడగుట్ట మీద మనకన్న ఎత్తు ఇంకేదీ ఉండదు, ఒంటి చెట్టు కింద నిలబడుడు ఇంకా తప్పు.

గడియారం

ఇది ఒక్కటి పట్టుకుంటే సగం పని ఐపోయినట్టే. ముందు బండి దగ్గరికి తిరిగి రావాల్సిన టైమ్ రాస్కోండ్రి, మాకైతే పది. ఎక్కడానికి ఎంత పడ్తదో దిగడానికి కూడ అంతే పెట్టుకోండ్రి, తక్కువ పెట్టకుండ్రి. మధ్యల పైన కూసోని తినడానికి అరగంట. అంటే గంట ఎక్కుడున్న గుట్టకి ఏడున్నరకి ఎక్కుడు మొదలుపెట్టాలె, ఎనిమిదిన్నరకి ఎక్కడున్నా ఆగాలె, తొమ్మిదికి దిగుడు. ఎనిమిదిన్నరకి పైకి చేరలేదంటే చేరలేదు, ఉన్నకాడ్నే చెట్టు చూస్కొని సద్ది ఇప్పుడే. "ఇంక జరంతే ఉంది, ఐదు నిమిషాలు" అనే మాట ఇంట్ల పెద్దమనిషే అంటరు ఎప్పుడూ. ఆ మాట మా ఇంట్ల నిషేధం.

పొద్దుగాల లేపాలంటే పిల్లలు గునుస్తరు, కాబట్టి ముందురోజు రాత్రే బట్టలు తొడిగి పండబెట్టుకోండ్రి, నిద్రల్నే బండ్లె వేస్కొని పోవచ్చు. మేం అట్లనే చేస్తం, గుట్ట కిందికి పోయినంక లేపి మొఖం కడిగి పాలు తాగిస్తం.

కాళ్ళు, సంచి

షూ గురించి ఖరీదైన ముచ్చట్లు అవసరం లేదు. స్కూల్ స్పోర్ట్స్ షూ సరిపోతది, కానీ రెండు పరీక్షలు చేయాలె. ఒకటి, అడుగు తిప్పి చూడుండ్రి, గీతలు అరిగి నున్నగ అయ్యిందంటే అది గుట్టకి పనికి రాదు. రెండు, సాక్సు వేసి షూ తొడిగి లేసులు కట్టి ఇంట్ల మెట్ల మీదికెళ్ళి కిందికి నడిపించండ్రి, వేలు ముంగటికి తగుల్తదా అని అడగండ్రి. తగిలితే లేసు పైన మడమ దగ్గర ఇంకా బిగ్గట్టి కట్టాలె, అప్పటికీ తగిలితే షూ చిన్నగైనట్టే. ముందురోజు గోర్లు తీయాలె. ఈ రెండు నిమిషాల పని చేసి ఉంటే మా వాడి గోరు ఊడకపోవు.

నీళ్ళు మేం పెద్దోళ్ళకి మనిషికి రెండు లీటర్లు, పిల్లలకి లీటరున్నర లెక్కన తీస్కపోతం, సగం తాగినంక ఎక్కడున్నా ఎన్కకి తిరుగుడే. దూప అయ్యేదాక ఆగొద్దు, పావుగంటకోసారి రెండు గుక్కలు. ఒక బాటిల్ల ఉప్పు చక్కెర నీళ్ళు కలిపి పెట్టుకుంటం, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి సమానంగ కొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, ఇంతకన్న ఉప్పు ఎక్కువ వేయొద్దు. తిండికి పల్లిపట్టీలు, అరటిపండ్లు, ఎండు ఖర్జూరాలు, సద్దికి పులిహోరనో జొన్నరొట్టెనో. చిప్స్ ప్యాకెట్లు వద్దు, దూప పెంచుతయ్, పైగా ఆ ప్యాకెట్ చప్పుడుకి ఎక్కడున్న కోతులన్నీ వస్తయ్. అన్నీ స్టీలు డబ్బాలల్ల, గుడ్డ సంచిల పెట్టి వీపుకి వేస్కొనే బ్యాగుల లోపల దాచాలె, చేతిల కవర్ కనబడొద్దు. కోతి గుంజితే ఇచ్చేయాలె, పిల్లల్ని గుంజులాడనియ్యొద్దు, దాని కండ్లల్లకి చూసి పండ్లు కనబడేటట్టు నవ్వొద్దు.

ఇంకా ఒక టోపీ, ఒక పెద్ద తువ్వాల, బ్యాండ్ ఎయిడ్లు, ఒక చేతికట్టె, ముల్లు తీసే చిమ్టా, విజిల్. విజిల్ పిల్లల మెడల వేయాలె, తప్పిపోతే ఉన్న జాగలనే నిలబడి మూడు సార్లు ఊదాలని చెప్పాలె.

ఇప్పుడు తొవ్వలు. ఈ వరుసలనే పోండ్రి, ఒక్కోదానికీ కనీసం రెండు సార్లు పోయి, దిగేటప్పుడు ఎవ్వరూ ఏడ్వకపోతేనే తర్వాతదానికి.

సింగోటం

మొదటి గుట్ట ఇదే కావాలె. కొల్లాపూర్ మండలంలనే, లక్ష్మీనరసింహస్వామి గుడి, ఎదురుంగ శ్రీవారి సముద్రం చెరువు, పక్కన రత్నగిరి గుట్ట మీద రత్నలక్ష్మి అమ్మవారు. జనవరిల జాతరప్పుడు వద్దు, ఇసుకేస్తే రాలనంత జనం, మిగతా రోజులల్ల పొద్దుగాల నిశ్శబ్దంగ ఉంటది. మెట్లున్నయ్ కాబట్టి పిల్లలకి దిగుడు నేర్పించడానికి ఇంతకన్న మంచి బడి లేదు. పైకెళ్ళి చూస్తే చెరువు అద్దం లెక్క పరుచుకొని ఉంటది, బిడ్డ మొదటిసారి చూసి "అమ్మా గుడి నీడ నీళ్ళల్ల తలకిందులుంది" అన్నది ఇంకా నాకు యాదున్నది. చెరువు కట్ట మీద నడుచుకుంట అత్తమ్మ, మెట్ల మీద పిల్లలు, ఎవరి లెక్క వాళ్ళది.

సోమశిల

ఇది గుట్ట కాదు, ఒడ్డు నడక. శ్రీశైలం డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయే గుళ్ళను విప్పి తెచ్చి పైన మళ్ళ కట్టిన్రు, సోమేశ్వరుని గుళ్ళు ఇక్కడ అట్ల వచ్చినయే. నిండు కాలంల, అంటే శ్రీశైలం డ్యామ్ నీటిమట్టం 885 అడుగుల దగ్గరికొచ్చినప్పుడు, కృష్ణ ఇక్కడ సముద్రమే. ఎండాకాలం నీళ్ళు తగ్గితే అవతల కర్నూలు దిక్కు సంగమేశ్వరం గుడి నీళ్ళల్లకెళ్ళి బయటికొస్తది, ఏడు నదులు కలిసే చోటు అంటరు, వేప మొద్దు శివలింగం. పిల్లలకి ఇది మాయ, నిరుడు నీళ్ళు చూసిన చోటనే ఇప్పుడు గుడి.

కానీ ఒడ్డున పైలం. నీళ్ళు తగ్గినంక మిగిలే ఒండ్రుమట్టి పైన ఎండి పగిలి గట్టిగ కనబడ్తది, కింద బురద అట్లనే ఉంటది, పిల్లల కాలు మోకాలు దాక దిగుతది, లాగితే చెప్పు లోపల్నే. పెద్దమనిషి కట్టెతోటి పొడిచి చూస్తూ ముంగట నడవాలె. రిజర్వాయర్ ఒడ్డు స్నానాలకి దిగే చెరువు ఒడ్డు లెక్క మెల్లగ లోతు కాదు, రెండడుగుల తర్వాత ఏముందో తెల్వదు, ఘాట్ మెట్లు దాటి నీళ్ళల్లకి దిగనియ్యొద్దు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఒంటి మీద కట్టుకున్నంకనే కదలాలె, పిల్లల సైజుది లేదంటే ఎక్కకుండ్రి, వాళ్ళు ఏమన్నా అనుకోనియ్యి. 2007 జనవరిల మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైన పోయిన్రు, సింగోటం జాతరకి వచ్చేటోళ్ళు, ఈ చుట్టుపక్కల ఊర్లల్ల ఆ ముచ్చట తీస్తే ఇప్పటికీ పెద్దోళ్ళు మాట్లాడరు.

వచ్చేటప్పుడు చేపల ఫ్రై తినకుండ రాకుండ్రి.

ఉమామహేశ్వరం

అచ్చంపేట దగ్గర, రంగాపూర్ మీదికెళ్ళి పోవాలె. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటరు. బండి పైదాక పోతది కానీ మేం కింద భోగమహేశ్వరం దగ్గరే దిగి నడుస్తం. ఎండ విషయంల ఈ చుట్టుపక్కల దీనికి సాటి వచ్చేది లేదు, గుడి మీదికి కొండ చూరు లెక్క వంగి ఉంటది, చెట్లు దట్టం, పాపనాశనం దగ్గర బండల సందులకెళ్ళి నీళ్ళు కారుతనే ఉంటయ్, ఆ తడి చల్లదనం మొఖానికి తగిలేసరికి అత్తమ్మ "ఇగ నేను ఇంటికి రాను" అంటది ప్రతిసారి. ఎండ మొదలైనంక కూడ పొద్దుగాల పోగలిగేది ఇదొక్కటే. ఇక్కడ కోతులు మటుకు చాల ఎక్కువ.

ఘనపురం ఖిల్లా

వనపర్తి దిక్కు, ఖిల్లాఘనపురం. కాకతీయుల కాలంల, 13వ శతాబ్దంల, గోన వంశపోళ్ళు కట్టిన కోట. కింద గణపసముద్రం చెరువు. ఎనిమిదేండ్లు దాటిన పిల్లలకే, అదీ మెట్లు లేని బండల మీద దిగుడు వచ్చినంకనే. చిన్నోణ్ణి మేం అప్పుడు తీస్కపోయింది తప్పు, మళ్ళ పోవడానికి ఇంకో రెండేండ్లు ఆగుతం. పై దాక పోవాల్సిన పని లేదు, మొదటి దర్వాజ దాటి గోడ మీదికెళ్ళి చెరువు కనబడేకాడ ఆగినా పిల్లలకి కోట చూసినట్టే. గోడల అంచులు, పాత బావులు, కోనేర్ల దగ్గర చెయ్యి ఇడవొద్దు, గడ్డి కప్పేసి అంచు ఏడుందో కనబడదు. ఊర్లకెళ్ళి తొవ్వ తెలిసినోళ్ళని ఒకర్ని తోడు తీస్కొని వాళ్ళ కూలి వాళ్ళకి ఇయ్యండ్రి.

పానగల్ ఖిల్లా కొల్లాపూర్ నుంచి వనపర్తి పోయే తొవ్వలనే ఉంది, కోట పెద్దదే, కానీ ముండ్లపొదలు ఎక్కువ, పదేండ్ల లోపు పిల్లలతోటి నేను పోను.

మల్లెల తీర్థం

ఇది ఆఖర్ల ఎందుకు పెట్టిననంటే ఇక్కడ అంతా తిరగబడ్తది. శ్రీశైలం రోడ్డు మీద వటవర్లపల్లి నుంచి అడివిలకి పోవాలె, బండి దిగినంక 350 దాక మెట్లు కిందికి, కింద జలపాతం. అంటే దిగుడు ముందు, అలిసిపోయినంక, నీళ్ళల్ల ఆడి బట్టలు తడిసినంక, కడుపు నిండినంక ఎక్కుడు. పిల్లలు దిగేటప్పుడు ఉరుకుతరు, ఎక్కేటప్పుడు కూలబడ్తరు. పైకి రావడానికి దిగినదానికి రెండింతలు టైమ్ పెట్టుకోండ్రి, పొడిబట్టలు ఒక జత తీస్కపోండ్రి. మా చిన్నోడికి జేబుల ముప్పై అయిదు చింతగింజలు పోసి ఇచ్చిన, పది మెట్లకి ఒకటి తీసి అక్క చేతిల పెట్టాలె అని. ఆఖరి గింజ పెట్టేదాక ఒక్కసారి ఎత్తుకో అనలేదు.

నీళ్ళు వానాకాలం నుంచి చలికాలం మొదలు దాక బాగుంటయ్. జలపాతం పడే మడుగుల లోతుకి పోనియ్యొద్దు, కింద రాళ్ళు పాకురు పట్టి ఉంటయ్. ఇది అమ్రాబాద్ పులుల అడివి, మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాక మూసేస్తరు, ప్లాస్టిక్ తీస్కపోనియ్యరు, మధ్యల బండి ఆపి దిగొద్దు. చాల దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఎన్నింటికి తిరిగొస్తరో ఇంటి దగ్గర ఎవరికన్నా చెప్పి పోండ్రి, సాయంత్రం నాలుగింటికల్లా అడివి నుంచి బయల్దేరుండ్రి. తొవ్వల చెంచుల పెంటలు, అంటే అడివిల ఉండే చెంచు గిరిజనుల గూడేలు వస్తయ్, అవి వాళ్ళ ఇండ్లు, అడగకుండ పిల్లల ఫోటోలు తీయొద్దు.

నల్లమల లోయల ఉన్న శివుని గుడి సలేశ్వరం గురించి అడుగుతరు చాలమంది. చైత్ర పౌర్ణమికి కొన్ని రోజులే ఇడుస్తరు, లోయల ఇరుకు తొవ్వ, ఎండ, జనం. చిన్నపిల్లల్ని తీస్కపోకుండ్రి.

దిగుడు ఎట్ల నేర్పాలె

ఎక్కేటప్పుడు పెద్దమనిషి పిల్లల ఎన్కాల ఉండాలె, దిగేటప్పుడు ముంగట. రెండు సార్లూ పిల్లల కన్న కింద మీరుండాలె అన్నట్టు, జారితే మీ మీద పడాలె. దిగేటప్పుడు పిల్లల చెయ్యి పట్టుకొని పక్కపక్కన నడిస్తే ఇద్దరూ పడ్తరు, వాళ్ళ చెయ్యి మీ భుజం మీద పెట్టించుకోండ్రి.

ఏటవాలు బండ మీద భయమైతే పిల్లలు ఎన్కకి వంగుతరు, అప్పుడే కాలు జారేది. పాదం మొత్తం బండకి ఆనాలె, మోకాలు కొంచెం వంగాలె, ముక్కు కాలివేళ్ళ మీదికి రావాలె. "ముక్కు ముంగట" అని ఒక్క మాట నేర్పిన నేను, చాలు. ఏటవాలు ఇంకా ఎక్కువుంటే పక్కకి తిరిగి దిగాలె, అంతకన్న ఎక్కువుంటే కూసోని చేతులు ఎన్కాల ఆనించి పీత లెక్క దిగాలె. మా పిల్లలు ఇంటి ముంగట ర్యాంపు మీద ఇది ఆటగ ప్రాక్టీస్ చేసిన్రు. ఇంకా పైలంగ ఉండాల్సింది సన్న గులకరాళ్ళు పడి ఉన్న బండ మీద, అది పొడిగ ఉన్నా గోలీల మీద నడిచినట్టే, చీపురు లెక్క కాలితోటి ఊడ్చి అప్పుడు అడుగు వేయాలె.

అత్తమ్మకి వెదురు కట్టె, భుజం ఎత్తుది. కట్టె ముందు కింది మెట్టు మీద పెట్టి, తర్వాత నొప్పి ఉన్న కాలు, తర్వాత మంచి కాలు. ఎక్కేటప్పుడు దీనికి ఉల్టా, మంచి కాలు ముందు.

పాములు, తేనెటీగలు, ఎండదెబ్బ

పాము బండ సందులల్ల, రాళ్ళ కుప్పలల్ల ఉంటది. కంటికి కనబడని చోట చెయ్యి పెట్టొద్దు, రాయి మీద కూసునే ముందు కట్టెతోటి తట్టాలె, ఈ రెండూ పిల్లలకి అలవాటు చేస్తే చాల వరకు సరిపోతది. కరిస్తే గాటు పెట్టుడు, నోటితోటి పీల్చుడు, తాడు బిగ్గట్టి కట్టుడు ఏదీ చేయొద్దు, పసరు మందు కోసం తిరగొద్దు. కరిసిన కాలో చెయ్యో కదలకుండ పెట్టి, గాజులు పట్టీలు తీసేసి, పిల్లని నడిపియ్యకుండ మోసుకొని 108కి ఫోన్ చేసి పాము మందు ఉండే సర్కారు పెద్దాసుపత్రికి పోవాలె. పాముని చంపి పట్టుకపోయే పని లేదు.

కోట గోడలకీ బండ చూర్లకీ పెద్ద తేనెతుట్టెలు వేలాడుతుంటయ్. వాటి కింద అరుసుడు, రాళ్ళు ఇసురుడు, పొగ పెట్టుడు వద్దు, ఆ రోజు సెంటు కొట్టుకొని పోవద్దు. లేచినయంటే తువ్వాల మొఖానికి కప్పుకొని ఆగకుండ దూరం ఉరుకుడే, చేతులు ఆడిచ్చుకుంట నిలబడొద్దు.

ఎండకి పిల్ల ఉషారు తగ్గి, తలనొప్పి అని, మొఖం ఎర్రగై, ఊకె కూసుంటున్నదంటే అప్పుడే నీడకి తీస్కపోయి తడి తువ్వాల కప్పి ఉప్పు చక్కెర నీళ్ళు గుక్క గుక్క తాగించాలె, ఆ రోజుకి గుట్ట ఐపోయినట్టే. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, పిలిస్తే సరిగ్గ పలకకపోయినా అది ఎండదెబ్బ, నోట్ల నీళ్ళు పోయొద్దు, ఒళ్ళంతా తడిపి విసురుకుంట 108.

ఇంటికొచ్చినంక

సాక్సులు బయటనే ఇప్పించి తిరగేసి దులపాలె, పల్లేరుకాయలు ఇంట్లకొస్తే వారం దాక ఎవరి కాలికో ఒకరి కాలికి దిగుతనే ఉంటయ్. మోకాళ్ళ ఎన్కాల, చంకలల్ల, చెవుల ఎన్కాల పిడుదులు పట్టినయా చూడాలె, పట్టినదాన్ని చిమ్టాతోటి చర్మానికి దగ్గర పట్టుకొని నిటారుగ లాగాలె. పది వేళ్ళ గోర్లు ఒక్కొక్కటి నొక్కి చూడాలె. మా చిన్నోడు ఇప్పుడు గడప దాటంగనే కాళ్ళు చాపి కూసుంటడు, పది లెక్కబెట్టి చూసినంకనే లేస్తడు.